వాకిట్లో ముగ్గు లేని ఇల్లు: కాలనీల్లో దొంగతనాలు ఎలా జరుగుతున్నాయి, ఎక్కడ ఆపొచ్చు

సంక్రాంతికి ఊరెళ్లిన కుటుంబం ఇల్లు కనుమ రోజు పొద్దున ఎలా ఉంటుందో ఒకసారి వీధిలో నిలబడి చూడండి. గేటుకి బయటి నుంచి తాళం. పక్కింటి వాకిట్లో భోగి నాటి రంగులు ఇంకా చెరగలేదు, ఈ వాకిట్లో మాత్రం కళ్లాపి చల్లిన ఆనవాళ్లు కూడా లేవు. గేటు కింద నుంచి తోసిన పేపర్లు మూడు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి, అడుగున ఉన్నది మంచుకి తడిసి, ఎండి, ముడతలు పడింది. చెప్పుల స్టాండులో ఒక్క జత లేదు. తులసి కోట దగ్గర ఎండిపోయిన వత్తి. ఇంట్లో మనుషులున్నట్టు కనిపించాలని వేసి వెళ్లిన వరండా లైటు పట్టపగలు పదకొండు గంటలకి కూడా వెలుగుతూనే ఉంది. ఆ వీధిలోంచి పాత సామాన్లు కొంటామని అరుస్తూ వెళ్లేవాడికో, బండి మీద నెమ్మదిగా పోయేవాడికో, ఇల్లు ఖాళీ అని తెలియడానికి ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. పోలీసులు 'రెక్కీ' అనేది చాలాసార్లు ఇంత మామూలు విషయం.

దొంగతనం అనగానే తాళం గురించి, కెమెరా గురించి ఆలోచిస్తాం. కానీ మన ఊళ్లలో, కాలనీల్లో జరిగే ఇళ్ల దొంగతనాల తీరు చూస్తే అసలు సమస్య ఖాళీ ఇల్లు. ఆ ఇంట్లో వాళ్లకి ఎంత ఉందో దొంగకి ముందుగా తెలిసేది తక్కువ. ఇంట్లో ఎవరూ లేరని, వచ్చి అడిగేవాళ్లు కూడా లేరని తెలిస్తే చాలు, మిగతాది లోపలికి వెళ్లాక వెతుక్కుంటాడు. మధ్యతరగతి ఇల్లు ఏదైనా సరే, బీరువాలో ఎంతో కొంత బంగారం ఉంటుందన్న నమ్మకం అతనికి ఉంది, ఆ నమ్మకం తప్పు కూడా కాదు.

ఈ విషయాన్ని 1979లోనే లారెన్స్ కోహెన్, మార్కస్ ఫెల్సన్ అనే ఇద్దరు అమెరికన్ సామాజిక శాస్త్రవేత్తలు చాలా సూటిగా చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో జీతాలు పెరిగాయి, చదువులు పెరిగాయి, అయినా దొంగతనాలు కూడా పెరిగాయి, ఎందుకు అన్నది వాళ్ల ప్రశ్న. ఆడవాళ్లు కూడా ఉద్యోగాలకి వెళ్లడంతో పగలంతా ఇళ్లు ఖాళీ అయ్యాయి, టీవీల్లాంటి ఖరీదైన వస్తువులు చేత్తో మోసుకుపోయేంత తేలికయ్యాయి అన్నది వాళ్ల జవాబు. దొంగతనం చేద్దామనుకునే మనిషి, తీసుకుపోవడానికి వీలైన వస్తువు, చూసేవాళ్లు లేకపోవడం, ఈ మూడూ ఒకే చోట ఒకే సమయంలో కలిస్తేనే నేరం జరుగుతుందని, మూడింట్లో ఒకటి తప్పించినా ఆగుతుందని తేల్చారు. కూకట్‌పల్లిలోనో, విజయవాడ శివార్లలోనో భార్యాభర్తలిద్దరూ తొమ్మిదికి బయల్దేరి, పిల్లలు స్కూలు బస్సెక్కి, సాయంత్రం ఆరు దాకా తలుపు తీసే మనిషే లేని ఫ్లాటుకి ఈ మాట అక్షరాలా సరిపోతుంది.

పాత ఇళ్లకి అరుగులుండేవి. మధ్యాహ్నం పూట ఆ అరుగు మీద ఎవరో ఒక పెద్దావిడ కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుకుంటూనో, చింతపండు గింజలు తీస్తూనో ఉండేది, వీధిలోకి కొత్త మనిషి వస్తే "ఎవరింటికి నాయనా?" అని అడిగేది. దొంగ ఆలోచనతో వచ్చినవాడికి ఆ ప్రశ్న చాలు, తన ముఖం ఎవరో చూశారన్నమాట, ఇక ఆ వీధి వదిలేస్తాడు. ఇప్పుడు అరుగు పోయి కారు పార్కింగ్ వచ్చింది, పెద్దావిడ నాలుగో అంతస్తులో ఉంది. కొత్త మనిషిని ఆపి అడగడం మర్యాద కాదేమో అన్న మొహమాటం కూడా వచ్చింది. ఆ మొహమాటం వదులుకోవాలి. కసురుకోనక్కర్లేదు, "ఎవరి కోసమండీ?" అంటే చాలు.

ఏ సమయంలో జరుగుతాయన్నది చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. సంక్రాంతికి హైదరాబాద్ సగం ఖాళీ అయినట్టుంటుంది, దసరాకి కూడా అంతే, వేసవి సెలవుల్లో నెలన్నర పాటు రోజుకో ఇల్లు మూతపడుతూనే ఉంటుంది. పోలీసులు ఏటా ఈ రోజుల్లోనే ఊళ్లకి వెళ్లేవాళ్లు స్టేషన్‌లో చెప్పి వెళ్లండని మైకులు పెట్టి తిరిగేది అందుకే. వేసవిలో ఇంకో రకం ఉంది, దీన్ని జనం పెద్దగా పట్టించుకోరు. ఉక్కపోత భరించలేక, కరెంటు పోయి, కుటుంబమంతా మేడ మీద పడుకుంటుంది, కింద తలుపు దగ్గరగా వేసో, బయట తాళం వేసో వస్తారు. ఇంట్లో మనుషులున్నారు, కానీ ఇల్లు ఖాళీ. పొద్దున దిగి చూస్తే బీరువా తెరిచి ఉంటుంది. కిటికీ పక్కన ఫోను ఛార్జింగు పెట్టి, కిటికీ తీసి పడుకోవడం కూడా ఇలాంటిదే, ఊచల్లోంచి చెయ్యి పెడితే ఫోను అందుతుంది, కర్ర పెడితే కొక్కేనికి తగిలించిన ప్యాంటు అందుతుంది.

అపార్టుమెంట్లలో మాత్రం రాత్రి కంటే పగలే ప్రమాదం. రాత్రి అందరూ ఇళ్లలో ఉంటారు, గేటు మూస్తారు. పగలు పదకొండు నుంచి నాలుగు దాకా ఎవరు లిఫ్ట్ ఎక్కుతున్నారో చూసే నాథుడు ఉండడు, పైగా భుజాన పెద్ద సంచి వేసుకుని వచ్చిన ప్రతివాడూ డెలివరీ మనిషిలాగే కనిపిస్తాడు. వాచ్‌మన్ ఉన్నాడు కదా అంటారు. ఆ వాచ్‌మన్ చేత మనం ఏమేం చేయిస్తున్నామో చూడాలి. పొద్దున్నే కార్లు తుడవాలి, నీళ్ల మోటారు వెయ్యాలి, మెట్లు కడగాలి, మూడో అంతస్తు వాళ్లకి కొత్తిమీర తేవాలి, ఐదో అంతస్తు వాళ్ల సిలిండరు మొయ్యాలి, ఇవన్నీ చేశాక రాత్రంతా మెలకువగా ఉండి కాపలా కాయాలి. సెల్లార్‌లో ఒక్క గదిలో పెళ్లాం పిల్లలతో ఉండే ఆ మనిషికి నెలకి ఇచ్చేది ఎంతో ఆ అసోసియేషన్ వాళ్లకే తెలుసు. ఇరవై నాలుగు గంటలూ ఒక్క మనిషి కాపలా ఉండడం ఎవరి వల్లా కాదు. దొంగతనం జరిగిన రోజు మాత్రం మొదటి అనుమానం అతని మీదే పడుతుంది, ఇది అన్యాయం. పగలు గేటు దగ్గర కూర్చోవడమే పనిగా ఒకరిని పెట్టి, రాత్రికి వేరే మనిషిని పెట్టుకుంటే నెలకి ఫ్లాటుకి పడే అదనపు ఖర్చు చాలా చోట్ల ఒక పూట హోటల్ భోజనం అంత ఉంటుంది.

ఇక తలుపు దగ్గరికి వద్దాం. జనం తాళం మీద డబ్బులు పెడతారు, ఏడు లివర్ల తాళమనీ ఎనిమిది లివర్ల తాళమనీ అడిగి మరీ కొంటారు. కానీ తాళం పగలగొట్టి లోపలికి వెళ్లేవాళ్లు తక్కువ. తాళం వేలాడే గొళ్ళేన్ని చూడండి, అది నాలుగు చిన్న స్క్రూల మీద ఉంటుంది, ఆ స్క్రూలు అంగుళం కూడా ఉండవు, పదేళ్ల నాటి చెక్కలో వదులైపోయి ఉంటాయి. అడుగున్నర పొడవున్న ఇనుప రాడ్డు గొళ్ళెం వెనక దూర్చి ఒక్కసారి బలంగా మెలితిప్పితే స్క్రూలతో సహా ఊడొస్తుంది, తాళం చెక్కు చెదరకుండా దానికే వేలాడుతూ ఉంటుంది. దొంగతనం జరిగిన ఇళ్ల ఫోటోల్లో తరచుగా కనిపించే దృశ్యం ఇదే. అందుకని గొళ్ళేనికి స్క్రూల బదులు తలుపుకి ఆ పక్క నుంచి ఈ పక్కకి పోయే బోల్టులు వేసి లోపల నట్టు బిగించాలి. వడ్రంగికి అరగంట పని. దాని కంటే మంచిది తలుపులోనే ఇమిడిపోయే లాక్, ఎందుకంటే అది వేసి ఉందో లేదో, లోపల మనుషులున్నారో లేదో బయటి నుంచి చూసేవాడికి తెలియదు. గేటుకి వేసే తాళం కూడా చేతులు దూర్చి లోపలి వైపుకి వేస్తే చూపుకి అందదు. ముందు తలుపు టేకుది పెట్టి, వెనక వంటగది వైపు తలుపు మాత్రం పల్చటి ఫ్లష్ డోరు పెట్టే ఇళ్లు లెక్కలేనన్ని, దొంగ వెనక వైపు నుంచే వస్తాడు, అటు వీధి ఉండదు, చూసేవాళ్లు ఉండరు. పక్కన ఖాళీ స్థలం ఉండి అందులో పిచ్చి మొక్కలు మనిషెత్తు పెరిగి ఉంటే మరీ సులువు.

లోపలికి వచ్చినవాడు ఎక్కువసేపు ఉండడు. తిన్నగా పడగ్గదికి వెళ్తాడు, బీరువా దగ్గరికి. బీరువా తాళంచెవి ఎక్కడ పెడతామో అతనికి తెలుసు, ఎందుకంటే అందరం అక్కడే పెడతాం: బీరువా పైన అట్టపెట్టె కింద, పరుపు కింద, చీరల మడతల్లో, దేవుడి గూట్లో, వంటింట్లో పోపుల డబ్బాలో. ఇనుప బీరువా లోపలి లాకరు చూడటానికి గట్టిగా ఉంటుంది కానీ దాని రేకు పలుచన, రాడ్డుకి ఆగదు. బియ్యం డబ్బాలో దాచడం కూడా పాత పద్ధతే, బియ్యం నేల మీద పోసి ఉన్న ఇళ్లు పంచనామాల్లో కొత్తేమీ కాదు.

బంగారం ధర ఈ కథలో పెద్ద పాత్ర. 2019 మొదట్లో పది గ్రాముల మేలిమి బంగారం 33 వేల రూపాయలకి అటూ ఇటూగా ఉండేది, 2025 ఏప్రిల్‌లో లక్ష దాటింది. అంటే ఇంట్లో కొత్తగా ఒక్క గ్రాము కొనకపోయినా, అమ్మమ్మ ఇచ్చిన నాలుగు కాసుల గొలుసు విలువ ఆరేళ్లలో మూడింతలైంది. జేబులో పట్టే వస్తువు, కరిగిస్తే గుర్తుపట్టలేని వస్తువు, ఏ ఊళ్లోనైనా గంటలో డబ్బు చేసుకోగల వస్తువు ఇంతకంటే మరొకటి లేదు. తులాల్లో లెక్కపెట్టే తెలంగాణ ఇంట్లోనైనా, కాసుల్లో లెక్కపెట్టే గోదావరి ఇంట్లోనైనా పరిస్థితి ఒకటే. కాబట్టి నిత్యం వాడని బంగారాన్ని ఇంట్లోంచి తీసెయ్యడమే అన్నిటికంటే పెద్ద జాగ్రత్త, మిగతావన్నీ దాని తర్వాతే.

బ్యాంకు లాకరు గురించి ఒక అపోహ ఉంది, అక్కడ పోతే బ్యాంకు మొత్తం ఇచ్చేస్తుందని కొందరు, రూపాయి కూడా ఇవ్వదని కొందరు అనుకుంటారు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 2022 జనవరి 1 నుంచి అగ్ని ప్రమాదం, దొంగతనం, దోపిడీ, భవనం కూలడం, ఉద్యోగి మోసం లాంటి వాటిల్లో బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకి వంద రెట్ల దాకా ఉంటుంది. అద్దె మూడు వేలైతే మూడు లక్షలన్నమాట. ఇప్పటి ధరల్లో అది మూడు తులాలకి కూడా చాలదు, అయినా ఇంట్లో బీరువా కంటే లాకరే నయం. ఇంటి బీమా విషయంలో కూడా పాలసీ కాగితం చదివి తీరాలి. భారత్ గృహ రక్ష లాంటి పాలసీలు ప్రధానంగా అగ్ని ప్రమాదాలకి, వరదలకి, తుఫాన్లకి ఉద్దేశించినవి, ఇల్లు పగలగొట్టి చేసే దొంగతనానికి విడిగా రక్షణ తీసుకోవాలి. ఇల్లు బీమా చేశాం కదా అని ధైర్యంగా ఉన్నవాళ్లలో ఈ తేడా తెలియనివాళ్లు చాలామంది.

కెమెరాల మీద మన రెండు రాష్ట్రాల్లోనూ పెద్ద ప్రయత్నమే జరిగింది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం ప్రకారం జనం గుమిగూడే దుకాణాలు, ఆస్పత్రులు, ఫంక్షన్ హాళ్లు వంటి చోట్ల కెమెరాలు పెట్టడం తప్పనిసరి. తెలంగాణలో 'నేను సైతం' పేరుతో కాలనీలవాళ్లే చందాలు వేసుకుని కెమెరాలు పెట్టించారు, హైదరాబాద్ దేశంలో కెమెరాలు ఎక్కువున్న నగరాల్లో ఒకటైంది. కేసులు తేలడంలో వీటి పాత్ర నిజంగా పెద్దది, ఒక బండి ఏ వీధిలోంచి ఏ వీధికి పోయిందో కెమెరా తర్వాత కెమెరా చూసుకుంటూ ఊరు దాటేదాకా వెంబడించగలుగుతున్నారు. కాకపోతే కెమెరా ఉందని నిశ్చింతగా ఉన్న ఇళ్లలో కెమెరా పని చేస్తోందా అని అడిగితే జవాబు రాదు. సాలెగూడు పట్టిన కెమెరాలు, హార్డ్ డిస్కు పోయి ఏడాదైన డీవీఆర్‌లు (కెమెరా రికార్డింగు దాచే పెట్టెలు), బాగా ఎత్తున బిగించడం వల్ల మనుషుల నడినెత్తి మాత్రమే కనిపించే కెమెరాలు మన కాలనీల్లో ఎన్నో. గేటు దగ్గర ఒక కెమెరా అయినా ముఖం ఎత్తుకి దగ్గరగా ఉండాలి. డీవీఆర్‌లో టైము సరిగ్గా ఉండాలి, ఇది చాలా చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మీ కెమెరాలో 2:10 అని, ఎదురింటి కెమెరాలో 1:25 అని ఉంటే ఆ రెంటినీ కలిపి చూసే పోలీసుకి ఒక రోజు పని వృథా. డీవీఆర్ టీవీ కింద పెడితే దొంగ దాన్ని కూడా పట్టుకుపోతాడు, అటక మీదనో, ఇంకెక్కడైనా కంటికి కనపడని చోటనో ఉంచి, వీలైతే ఫోనుకి వచ్చేలా పెట్టుకోవాలి. నెలకోసారి పాత రికార్డింగు తెరిచి చూడాలి.

ఊరెళ్తున్నామని పోలీసులకి చెప్పడం దగ్గర చాలామంది వెనకాడతారు. ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇళ్ల కోసమే ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే పద్ధతి తెచ్చారు. యాప్‌లో పేరు నమోదు చేసుకుని, ఊరెళ్లే ముందు తేదీలు చెప్తే, పోలీసులొచ్చి ఇంట్లో కదలికని పసిగట్టే కెమెరా పెడతారు, ఎవరైనా లోపల అడుగు పెడితే కంట్రోల్ రూముకి సంకేతం వెళ్తుంది, దగ్గర్లోని గస్తీ వాళ్లు వస్తారు. దీనికి డబ్బులు తీసుకోరు. ఇంత మంచి సదుపాయం ఉండి కూడా వాడుకునేవాళ్లు తక్కువ కావడం బాధగా ఉంటుంది. తెలంగాణలో స్థానిక స్టేషన్‌లో చెప్తే బీట్ కానిస్టేబుల్ రాత్రి రౌండ్లలో ఆ ఇంటి మీద ఓ కన్నేసి ఉంచుతాడు. పోలీసులకి చెప్పడానికి మొహమాటపడే మనమే అరుణాచలం గిరి ప్రదక్షిణ చేస్తూ వాట్సాప్ స్టేటస్ పెడతాం, కుటుంబమంతా ఫోటోలో ఉంటారు, అంటే ఇంట్లో ఎవరూ లేరని ఫోనులో నంబరున్న ప్రతి మనిషికీ తెలిసిపోతుంది, అందులో రెండేళ్ల కింద ఏసీ బాగుచేసిన మనిషి నంబరు కూడా ఉంటుంది. ఫోటోలు తిరిగొచ్చాక పెట్టుకోవచ్చు.

పక్కింటివాళ్లు చేయగలిగింది ఏ యాప్ కంటే ఎక్కువ. పేపర్లు తీసి పెట్టడం, పొద్దున తమ వాకిట్లో ముగ్గు వేసేటప్పుడు ఈ వాకిట్లో కూడా నీళ్లు చల్లి నాలుగు చుక్కలు పెట్టడం, తమ బండి ఒకటి ఈ గేటు ముందు నిలపడం, సాయంత్రం లైటు వేసి పొద్దున ఆపడం. దీనికి తాళంచెవి ఇవ్వాల్సిన అవసరం కూడా లేదు, వరండా స్విచ్చి బయట ఉంటే సరిపోతుంది, లేకపోతే టైము ప్రకారం వెలిగి ఆరే ప్లగ్గులు దొరుకుతున్నాయి. పాలవాడికి, పేపరు అబ్బాయికి నాలుగు రోజులు వద్దని చెప్పడం మర్చిపోకూడదు.

ఇంట్లో పనిచేసేవాళ్ల విషయం కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. పనిలో చేరిన కొద్ది రోజులకే యజమానులకి మత్తుమందు పెట్టి దోచుకున్న కేసులు హైదరాబాద్‌లో జరిగిన మాట నిజం, అందువల్ల పనికి కుదుర్చుకునే ముందు ఆధార్ నకలు, ఫోటో, సొంతూరి చిరునామా తీసుకుని, స్టేషన్ ద్వారా పాత కేసులేమైనా ఉన్నాయేమో చూపించుకోవడం అవసరం. అది అందరికీ ఒకేలా, మర్యాదగా చెయ్యాల్సిన పని. ఏళ్ల తరబడి అంట్లు తోమిన మనిషిని, ఉంగరం కనబడకపోగానే నిలబెట్టి కొంగు విదిలించమనడం మాత్రం నేరం కంటే తక్కువేమీ కాదు. ఆ ఉంగరం తర్వాత వాషింగ్ మెషీన్ అడుగున దొరికితే ఆమెకి పోయిన మర్యాద తిరిగిరాదు.

అనుమానం గురించి మన నేల మీదే చాలా చేదు చరిత్ర ఉంది. 1871లో బ్రిటిష్ వాళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చి కొన్ని కులాల్లో, తెగల్లో పుట్టిన ప్రతి మనిషినీ పుట్టుకతోనే దొంగగా లెక్కగట్టారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం ఆ చట్టం కింద 1913లో ఎరుకలవాళ్ల కోసం ఏర్పడిన సెటిల్మెంటే. చట్టం 1952లో రద్దయింది గానీ ఆ ఊరి పేరు చెప్పగానే కనుబొమలు ఎత్తే అలవాటు మన సమాజంలో ఆ తర్వాత కూడా దశాబ్దాలు ఉంది, ఆ ఊళ్లో చదువుకుని ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు దాన్ని మోశారు. సంఘ సంస్కర్త హేమలతా లవణం లాంటివాళ్లు అక్కడ ఏళ్ల తరబడి పనిచేయాల్సి వచ్చింది. 2018 మే నెలలో జరిగింది ఇంకా దగ్గరి విషయం, పార్థీ గ్యాంగులనే దొంగల ముఠాలు వచ్చాయని, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని వాట్సాప్‌లో తిరిగిన అబద్ధాల వల్ల తెలంగాణలో, ఆంధ్రలో అమాయకుల మీద మూకలు దాడి చేశాయి, ప్రాణాలు పోయాయి. గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లని ఊరూరా పంపి, డప్పు వేయించి, పాటలు పాడించి ఆ పుకార్లని అడ్డుకోవాల్సి వచ్చింది.

బయటి ముఠాలు రావని కాదు. 2021 చివర్లో విజయవాడ, తాడేపల్లి చుట్టుపక్కల అపార్టుమెంట్లలో చెడ్డీ గ్యాంగ్ తిరిగింది, గుజరాత్‌లోని దాహోద్ నుంచి వచ్చిన ముఠా సభ్యుల్ని పోలీసులు పట్టుకున్నారు కూడా. ఆ రోజుల్లో జనం ఎంత భయపడ్డారో అక్కడివాళ్లకి గుర్తే. అయితే ముఠా వార్త పెద్దగా కనిపిస్తుంది, దాని పక్కనే రోజూ జరిగే చిన్న దొంగతనాలు కనిపించవు. జైలు నుంచి విడుదలై మళ్లీ అదే పని మొదలుపెట్టే పాత నేరస్థుడు, అప్పుల్లో, ఆన్‌లైన్ బెట్టింగులో మునిగి తెలిసినవాళ్ల ఇంటికే కన్నం వేసే కుర్రాడు, ఇలాంటివాళ్లు పట్టుబడిన కేసులు మన పత్రికల జిల్లా పేజీల్లో తరచూ కనిపిస్తాయి. గ్రూపులో అపరిచితుడి ఫోటో పెట్టి "వీడే దొంగ" అని రాసే ముందు 112కి ఫోన్ చెయ్యాలి. అది పోలీసుల పని.

దొంగతనాలు పెరిగాయా తగ్గాయా అన్న ప్రశ్నకి ఏడాది చివర కమిషనర్లు చెప్పే అంకెలు పూర్తి జవాబు కావు. కేసు నమోదైతేనే అది లెక్కలోకి వస్తుంది. స్టేషన్లలో ఫిర్యాదు తీసుకోకుండా తిప్పి పంపితే నేరాలు 'తగ్గుతాయి', ప్రతి ఫిర్యాదూ రాసుకుంటే 'పెరుగుతాయి', వీధిలో పరిస్థితి రెండింటిలోనూ ఒకటే కావచ్చు. లలితా కుమారి కేసులో 2013లో సుప్రీంకోర్టు పోలీసులు నేరుగా కేసు పెట్టగల నేరం గురించి సమాచారం అందితే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని చెప్పింది, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, ఆన్‌లైన్‌లో ఇచ్చి మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టొచ్చు, ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. "ఎలాగూ దొరకదు, తిరగడం దండగ" అని ఫిర్యాదు ఇవ్వకుండా ఊరుకుంటే ఆ వీధికి గస్తీ పెంచాలన్న లెక్క కూడా పోలీసుల దగ్గర ఉండదు.

గొలుసు దొంగతనాల గురించి క్లుప్తంగా. పొద్దున్నే వంగి ముగ్గు వేస్తున్న ఆడవాళ్లు, గుడి నుంచి ఒంటరిగా వస్తున్న పెద్దవాళ్లు, వీళ్ల పుస్తెలతాడు మీదే కన్ను. బండి మీద ఇద్దరు, వెనకవాడు అడ్రసు అడుగుతాడు, రోడ్డుకి ఏ పక్కన నడుస్తున్నామన్నది ఇక్కడ ముఖ్యం, బండ్లు ఎదురుగా వచ్చే వైపు నడిస్తే వెనక నుంచి వచ్చి లాగడం కష్టం. పాత ఐపీసీలో దేశమంతటికీ వర్తించేలా దీనికి విడి సెక్షన్ లేదు, దాని బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 304వ సెక్షన్ వచ్చింది. ఫోను పోతే స్టేషన్‌లో చెప్పి, పోయిన ఫోన్ల కోసం కేంద్రం పెట్టిన సీఈఐఆర్ పోర్టల్‌లో, ప్రతి ఫోనుకీ విడిగా ఉండే ఐఎంఈఐ నంబరు నమోదు చేయిస్తే అది ఎవరు వాడినా తెలుస్తుంది, వేలకొద్దీ ఫోన్లు ఇలా తిరిగొచ్చాయి. ఆ నంబరు ఫోనులో స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొడితే కనిపిస్తుంది, ఇవాళే కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోండి, పోయాక చూడ్డానికి ఫోను ఉండదు.

జరగకూడనిది జరిగిపోతే మొదటి గంటలో మనం చేసేదే కేసుని నిలబెడుతుంది, లేదా చెడగొడుతుంది. తలుపు తెరిచి ఉండటం చూడగానే లోపలికి పరిగెత్తి బీరువా తడుముకోవడం, బంధువులంతా వచ్చి గదిలో తిరగడం, చిందరవందరగా ఉన్న బట్టలు చూడలేక ఎవరో పెద్దావిడ మడతపెట్టేయడం, ఇవన్నీ బాధలో జరిగేవే. కానీ ఆధారాలు సేకరించే పోలీసుల క్లూస్ టీమ్ వచ్చేసరికి బీరువా హ్యాండిల్ మీద దొంగ వేలిముద్రల మీద పదిమంది వేలిముద్రలుంటాయి. వేలిముద్రల బ్యూరో కలకత్తాలో 1897లోనే మొదలైంది, ప్రపంచంలో మొట్టమొదటి బ్యూరోల్లో అది ఒకటి. ఇప్పుడు దేశమంతటి నేరస్థుల ముద్రలూ ఒకే కంప్యూటర్ వ్యవస్థలో ఉన్నాయి, మంచి ముద్ర ఒక్కటి దొరికితే వేరే రాష్ట్రంలో పట్టుబడినవాడైనా పేరుతో సహా బయటపడతాడు. కాబట్టి ఏదీ ముట్టుకోకుండా బయటికి వచ్చి ఫోన్ చేసి, పోలీసులు వచ్చేదాకా వాకిట్లోనే నిలబడాలి.

నగల పట్టిక ముందే ఉండాలి. ప్రతి నగకీ రెండు ఫోటోలు, తూకం, బిల్లు, బిల్లు లేని పాత నగకైతే పెళ్లి ఆల్బంలో అది మెడలో కనిపించే ఫోటో. ఇది లేకపోతే సొత్తు దొరికినా అది మనదేనని చెప్పడం కష్టం, దేశవ్యాప్తంగా పోయిన సొత్తులో సగం కూడా తిరిగి దొరకని పరిస్థితిలో దొరికినదాన్ని కూడా ఇలా పోగొట్టుకోకూడదు. దొరికిన బంగారం కోర్టు బీరువాలో కేసు తేలేదాకా ఏళ్లపాటు ఉండిపోతుందన్న భయం చాలామందికి ఉంది. సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో 2002లో సుప్రీంకోర్టు ఆ పద్ధతి తప్పని చెప్పింది, నగలకి ఫోటోలు తీసి, పంచనామా రాసి, పూచీకత్తు తీసుకుని సొంతదారుకి ఇచ్చెయ్యాలని ఆదేశించింది. మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు వేసుకోవాలి, ఊరికే ఎదురుచూడకూడదు.

ఇంకో సంగతి, దొంగతనం జరిగిన తర్వాతి వారాలు మామూలు రోజుల కంటే ప్రమాదం. 1980లలో ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్ పట్టణంలో కర్క్‌హోల్ట్ అనే కాలనీలో లెక్కలు తీస్తే, ఒకసారి దొంగలు పడిన ఇంట్లోనే మళ్లీ పడుతున్నారని తేలింది. ఆ ఇల్లు లోపల ఎలా ఉంటుందో, ఎటు నుంచి దూరాలో వాళ్లకి ఇప్పటికే తెలుసు, మొదటిసారి మిగిలిపోయినవి కూడా తెలుసు. అక్కడివాళ్లు ఊరంతా కాపలా పెట్టలేదు, దొంగలు పడిన ఇంటి తలుపులు బలపరిచి, చుట్టూ ఉన్న అర డజను ఇళ్లవాళ్లని ఆ ఒక్క ఇంటి మీద కన్నేసి ఉంచమన్నారు, నాణేలు వేసి వాడే కరెంటు, గ్యాసు మీటర్లలో డబ్బు పోగుపడటం చూసి వాటిని తీయించారు. మొదటి ఏడాదిలోనే దొంగతనాలు సగానికి పైగా తగ్గాయి. మన దగ్గర జరిగేది వేరు, దొంగతనం జరిగిన ఇంట్లో పది రోజులు పలకరింపులకే సరిపోతుంది, ఊడిన గొళ్ళేన్ని అదే చెక్కలో, అవే కన్నాల్లో, అవే స్క్రూలతో మళ్లీ బిగిస్తారు. వడ్రంగిని ఆ సాయంత్రమే పిలవాలి, అదే బిల్డరు కట్టి, అదే రకం తలుపు, అదే గొళ్ళెం ఉన్న పక్క నాలుగు ఇళ్లకి కూడా ఆ వారంలోనే బోల్టులు వేయించాలి.